మాస్టారు చెప్పమన్న మాట: సికింద్రాబాదులో ఒక పగలు

మా ఆశీర్వాదం మాస్టారి శతజయంతికి పాత విద్యార్థులం కలిసి ఒక సంచిక వేద్దామనుకున్నాం. ఆయన జీవిత విశేషాలు రాసే పని నాకు అప్పగించారు. రాయడానికి కష్టపడాల్సిన జీవితం కాదది. కోస్తాలో మేము చదువుకున్న విశ్వవిద్యాలయపు సంగీత శాఖలో ఆయన దాదాపు ముప్పై ఏళ్ళు పాఠం చెప్పారు. ఆ శాఖలో గాత్రం, వీణ, వయొలిన్ తప్ప మరొకటి లేని రోజుల్లో, నలభై మందిని నిలబెట్టి ఒకే పాటను నాలుగు వరుసల గొంతులతో పాడించే కోయర్‌ను పట్టుబట్టి తెచ్చారు. గది ఇవ్వమంటే ఇవ్వలేదు. కెమిస్ట్రీ వాళ్ళ మెట్ల క్లాసురూములో సాయంత్రం అయిదింటికి సాధన పెట్టారు. యాసిడ్ వాసనలో నోరు తెరిచి పాడడం మాకు అలవాటైపోయింది. చేతిలో కర్ర పట్టుకునేవారు కాదు. ఎడమచేతి రెండు వేళ్ళు మాత్రం ముందు బేస్ వాళ్ళ వైపు చూపించేవారు. బేస్ అంటే అన్నిటికంటే కింద నడిచే మగ గొంతులు. "అది నేల. నేల వెయ్యకుండా గోడలు లేపకండి" అనేవారు. ఇలాంటివన్నీ రెండు రోజుల్లో పన్నెండు పేజీలు రాశాను. ఆయన తొలినాళ్ళ గురించి మాత్రం ఒక్క వాక్యం రాశాను: "కొంతకాలం సికింద్రాబాదులో చర్చి కోయర్ నడిపారు."

ఆ కొంతకాలంలో ఏం జరిగిందో నాకు తెలుసు. ఆయనే చెప్పారు. చెప్పి ఒక పని కూడా అప్పగించారు. ఇరవై ఏళ్ళు దాటిపోయినా ఆ పని నేను చెయ్యలేదు. వ్యాసం ఉన్నదున్నట్టు సంచిక వాళ్ళకి పంపించేసి, మర్నాడే సికింద్రాబాదుకి టికెట్ తీసుకున్నాను. పాత మనుషుల జాడ వెతుక్కుంటూ ఆ ఊరు వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని దారీ తెన్నూ వివరంగా రాస్తున్నాను. మిగతాది రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

రాజమండ్రి నుంచి రాత్రి బళ్ళు చాలానే ఉన్నాయి. థర్డ్ ఏసీలో ఎనిమిది వందల పైచిలుకు అయింది. ఉదయం ఆరుంపావుకి సికింద్రాబాదులో దిగాను. స్టేషను కొత్తగా కడుతున్నారు, ఎటు చూసినా రేకులు, క్రేన్లు. డబ్బు కట్టే వెయిటింగ్ హాలులో స్నానం చేసి, బట్టలు మార్చుకుని, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌లో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తీసుకున్నాను. నలభై రూపాయలు. తొమ్మిదికి ముందు చర్చిలో ఎవరూ ఉండరని అనిపించి అక్కడే చాలాసేపు కూర్చున్నాను. మాస్టారు ఆ పని అప్పగించాక ఈ స్టేషనులో రెండుసార్లు దిగాను. రెండుసార్లూ పెళ్ళిళ్ళకే. రెండోసారి వచ్చింది పదిహేనేళ్ళ కిందట. పెళ్ళి అయ్యాక బండికి ఆరు గంటల టైముంది. మాస్టారు వెళ్ళమన్న బోయిగూడ స్టేషనుకి వెనకవైపే ఉందని తెలుసు. అయినా ఫంక్షన్ హాలు గదిలో పేకాట చూస్తూ కూర్చున్నాను. పోతూ పోతూ బిస్కెట్ పెట్టెలు కొనుక్కుని రైలెక్కాను. ఆ రోజు ఎందుకు వెళ్ళలేదో అప్పట్లో నాకు నేను చెప్పుకున్న కారణం ఎండ. అసలు కారణం వేరు. నాకు దేవుడిలాంటి మనిషి చేసిన తప్పు నా నోటితో మరొకరికి చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఎనిమిదిన్నరకి ఆటో ఎక్కాను. క్లాక్ టవర్ అవతల ఉన్న పాత తెలుగు చర్చికి ఎనభై రూపాయలడిగాడు డ్రైవరు, నలభై ఏళ్ళ మనిషి. "చర్చిల ఇయ్యాల ఏం లేదు కదా సార్, బేస్తవారం" అన్నాడు. పాత రోజుల్లో అక్కడ పనిచేసిన మా గురువుగారి గురించి వాకబు చెయ్యడానికి వచ్చానని చెప్పాను. "ఎప్పటి ముచ్చట?" అన్నాడు. పోలీసు చర్య నాటిదన్నాను. అద్దంలో నా ముఖం చూసి, "గప్పటోళ్ళు ఎవలుంటరు సార్ ఇప్పుడు. జెర లేటయింది మీకు" అన్నాడు. మామూలుగానే అన్నాడు.

మాస్టారు నాకు ఈ సంగతి చెప్పింది ఆయనకి కంటి ఆపరేషన్ అయిన రోజుల్లో. మధ్యాహ్నాలు వెళ్ళి పేపరు చదివి వినిపించేవాణ్ణి. ఒకరోజు పేపరు మడిచెయ్యమన్నారు. పోలీసు చర్యకి రెండేళ్ళ ముందు, ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన సికింద్రాబాదు చర్చి కోయర్‌కి మాస్టారుగా చేరారు. చిరిగిపోయిన కీర్తనల పుస్తకాలు బోయిగూడలో ఒక బైండింగ్ దుకాణంలో ఇచ్చారు. బాగుచేసిన పుస్తకాలు మోసుకొచ్చినవాడు ఖాసిం. దుకాణం వాళ్ళ నాన్నది. మాస్టారి కంటే రెండేళ్ళు చిన్న. ఆ సాయంత్రం సాధన జరుగుతుంటే వెనక బల్ల దగ్గర నిలబడి, నేర్చుకోకుండానే బేస్ వరస కూనిరాగం తీశాడట. "అలాంటి గొంతు మళ్ళీ నాకు దొరకలేదురా. ముప్పై ఏళ్ళు మీ అందరిలోనూ వెతికాను" అన్నారు మాస్టారు. వారానికి రెండు రోజులు దుకాణం కట్టేసి వచ్చి పాడేవాడు. నమాజు వేళ అయితే వెళ్ళి వచ్చేవాడు. సంఘంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నిజాం రాజ్యం ఆఖరి నెలలవి. రజాకార్ల భయంతో జిల్లాల నుంచి జనం మూటలతో వచ్చి స్టేషను దగ్గర దిగుతున్నారు. సాయంత్రం సాధన అయ్యాక ఆడపిల్లల్ని ఇళ్ళకి పంపడం ఎలా అని తల్లిదండ్రులు మాన్పించబోతే, ఖాసిం తన టోపీ పెట్టుకుని వాళ్ళ ముందు నడిచి ఒక్కొక్కరినీ గుమ్మంలో దింపి వచ్చేవాడు. వేసవి అంతా, వానాకాలం అంతా అలాగే దింపాడు. సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చింది. నాలుగైదు రోజుల్లో అంతా ముగిసింది. ఇప్పుడు టోపీ పెట్టుకున్నవాళ్ళు బయటికి రావడానికి భయపడే రోజులు వచ్చాయి.

కొన్ని వారాల తర్వాత కొత్త అధికారులకు ఊరి పెద్దలు స్వాగతసభ ఏర్పాటు చేశారు. మాస్టారి కోయర్‌ని పాడమన్నారు. ఆయన కృతజ్ఞతగా ఒక పాట కట్టారు, ఖాసిం గొంతుని మనసులో పెట్టుకుని, మొదటి వరస బేస్ ఒక్కటే ఎత్తుకునేలా. సభకి రెండు రోజుల ముందు బోయిగూడ వెళ్ళి, దుకాణం గుమ్మంలోనే నిలబడి, "ఖాసిం, సంఘ పెద్దలు నిన్ను వద్దంటున్నారు. కొన్నాళ్ళు ఆగు" అన్నారు. ఖాసిం కొత్తగా కుట్టిన పాటల పుస్తకాల కట్ట తెచ్చి చేతికిచ్చి, "జిగురు ఇంక ఆరలే మాస్టారు. రెండు రోజులు తెరవకుండ్రి" అన్నాడట.

"పెద్దలు అనలేదురా" అన్నారు మాస్టారు నాతో. "వాళ్ళెవరూ అడగలేదు. ఆ సభలో మిలిటరీ వాళ్ళుంటారు, ఆ మనిషి ఎవరని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి అని నాకే భయమేసింది. నా భయం వాళ్ళ మీద పెట్టాను." పాట బాగా కుదిరింది. సభలో ఉన్న విద్యాశాఖ అధికారి ఒకరు మెచ్చుకుని, పిలిపించి, కాలేజీలో ఉద్యోగం ఇప్పించారు. అక్కడి నుంచి స్కాలర్‌షిప్పు, అక్కడి నుంచి విశ్వవిద్యాలయం. మేమందరం కాళ్ళకి దండం పెట్టే జీవితమంతా ఆ గుమ్మం నుంచే మొదలైంది. ఖాసింకి ఉత్తరం రాయకపోయారా అన్నాను. "రాశాను. పెద్దలు అనే మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆపేశాను. నువ్వు వెళ్ళు. ఉంటే చెప్పు, అది అన్నది నేనేనని" అన్నారు. వెళ్తానన్నాను. ఆ తర్వాత రెండేళ్ళకి ఆయన పోయారు. చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా "వెళ్ళావా?" అని అడిగారు. వచ్చే నెల వెళ్తానన్నాను.

చర్చిలో లాజరు అనే అరవై ఏళ్ళాయన గేటు దగ్గరే ఉన్నాడు. కాపలా, ఊడ్పు, గంట అన్నీ ఆయనే. ఆశీర్వాదం మాస్టారి పేరు ఆయనకి తెలియదు. గోడ మీద పాస్టర్ల పేర్లున్నాయి గాని కోయర్ మాస్టార్ల పేర్లు లేవు. ఆశ వదులుకుని, బోయిగూడలో ఖాసిం అని బైండింగ్ చేసే ఆయన ఉండేవారట, ఏమైనా తెలుసా అని అడిగాను. లాజరు ముఖం విప్పారింది. "ఖాసిం సాబ్ తెల్వకపోవుడేంది సార్. మా పుస్తకాలన్ని ఆయననే కట్టిండు" అని లోపలికి తీసుకెళ్ళి బీరువా తెరిచాడు. ఎర్ర గుడ్డ అట్టల కీర్తనల పుస్తకాలు వరసగా ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. కుట్టు ఎక్కడా వదల్లేదు. "ఎప్పుడిచ్చినా చేసి పంపుతుండె. ఆయన మాత్రం గేటు దాటి లోపలికి రాకపోతుండె. గీడ్నే నిలబడి ఇచ్చి పోతుండె" అన్నాడు. ఇప్పుడెక్కడ ఉన్నారని అడిగాను. "ఆయన పోయి పదేండ్లు దాటింది సార్. బిడ్డ ఉంది, జరీనమ్మ. బోయిగూడల రోడ్డు వెడల్పు చేసినప్పుడు దుకాణం పోయింది. ఇప్పుడు చిలకలగూడల పెట్టుకున్నది."

నేను అక్కడున్న బల్ల మీద కూర్చున్నాను. మాస్టారు పోయి ఇరవై రెండేళ్ళు. ఆయన పోయిన తర్వాత కూడా పదేళ్ళకి పైగా ఖాసిం గారు బతికే ఉన్నారు. నేను పేకాట చూస్తూ కూర్చున్న రోజున కూడా ఉన్నారు. లాజరు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, "మీకు సుట్టమా?" అని అడిగాడు. కాదన్నాను.

చిలకలగూడకి ఆటోలో తొంభై రూపాయలు, ట్రాఫిక్‌లో అరగంట. మసీదు సందు దాటాక జిరాక్స్, లామినేషన్, థీసిస్ బైండింగ్ అని బోర్డు ఉన్న చిన్న దుకాణం. అరవై దాటిన ఆవిడ, తలమీద చున్నీ కప్పుకుని, పెద్ద సూదితో కాగితాల బొత్తి కుడుతోంది. నేను ఆంధ్రా నుంచి వచ్చానని, ఖాసిం గారి గురించి అని చెప్పాను. సూది పక్కన పెట్టింది. "మా అబ్బాతోని మీకేం పని సార్? ఆయన లేడు కదా" అంది. ఆశీర్వాదం మాస్టారి శిష్యుణ్ణి అన్నాను. స్టూలు జరిపి, "కూసోండ్రి" అంది.

దారిలో ఎన్నోసార్లు అనుకున్న మాటలు ఒక్కటీ సరిగ్గా రాలేదు. మాస్టారు నాకు చెప్పింది చెప్పినట్టు చెప్పేశాను. సంఘ పెద్దలు వద్దనలేదమ్మా, మాస్టారే అన్నారు, ఆ మాట మీ నాన్నగారికి చెప్పమని నన్ను పంపారు, నేను ఆలస్యం చేశాను అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "ఎరికే సార్. అబ్బాకు అప్పుడే ఎరికయింది" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. పోలీసు చర్య తర్వాత వాళ్ళ తాతని ఎవరో చెప్పిన చాడీకి పట్టుకుపోయి ఇరవై రోజులు ఉంచుకున్నారట. తప్పేమీ లేదని వదిలేశారు గాని, ఆ రోజుల్లో ఖాసిం ఒక్కడే దుకాణం చూసుకున్నాడు. ఇంట్లో అందరూ పరేషాన్. ఆ సమయంలోనే కోయర్‌కి వెళ్ళడం కూడా పోయింది. కొన్ని నెలలకి చర్చి పెద్ద ఒకాయన బైబిల్ కుట్టించుకోవడానికి దుకాణానికి వచ్చాడు. "ఏమయ్యా ఖాసిం, పాటకు రావుడు బంద్ జేసినవు? నీకు తీరిక లేదని మాస్టారు చెప్పిండు, మేము నీ మీద అలిగినం" అన్నాడట.

"మీ అబ్బా ఏమన్నారు?" అన్నాను.

"అవును, తీరిక లేదన్నడంట" అంది.

బయట ఎవరో జిరాక్స్‌కి వస్తే వెళ్ళి నాలుగు కాపీలు తీసిచ్చి వచ్చింది. ఈలోగా నేను ముఖం తుడుచుకున్నాను. మధ్యాహ్నమైంది, తిని పొమ్మంది. వద్దంటే వినలేదు. దుకాణం వెనకే ఇల్లు. బగారన్నం, పుల్లటి పప్పు, వంకాయ కూర పెట్టింది. తింటుండగా, "మీ మాస్టారును నేను సుత చూసిన సార్" అంది.

ఆవిడకి పదకొండేళ్ళప్పుడు మా కోయర్ హైదరాబాదు వచ్చి ఒక పెద్ద హాలులో పాడింది. పేపర్లో చూసి ఖాసిం గారు కూతుర్ని తీసుకుని వెళ్ళారు. ఆఖరి వరసలో కూర్చున్నారు. ఆ కచేరీ నాకు బాగా గుర్తుంది. నేనూ వేదిక మీద ఉన్నాను, బేస్ వరసలో ఎడమ చివర. ఆ రోజు పాట మొదలయ్యే ముందు మాస్టారు హాలులో ఖాళీ కుర్చీల వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. అదేదో కచేరీ కంగారు అనుకున్నాం.

"పాట అయినంక అందరు లైన్ కట్టి మీ మాస్టారుకు దండలు వేస్తుండ్రు. మనం సుత పోదాం అబ్బా అన్న. ఆయన నా చెయ్యి పట్టుకోని పక్క తలుపుకెల్లి బయటికి తెచ్చిండు. బస్సుల అడిగిన, మంచిగ పాడిన్రా అని. అంతా మంచిగుంది, బేస్ జెర కచ్చాగుంది అన్నడు."

"ఆ బేస్‌లో నేనున్నానమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ రోజంతటిలో నవ్వింది అప్పుడొక్కసారే.

మరి ఎందుకు కలవలేదని అడిగాను. పెద్దయ్యాక తనూ అదే అడిగిందట. "ఆయన నన్ను చూస్తే తల దించుకుంటడు బేటా, శాగిర్దుల, అంటె శిష్యుల ముంగట ఉస్తాద్ తల దించుకోవద్దు అన్నడు. కోపం ఉందా అబ్బా అంటె, మొదట్ల ఉండె, ఇప్పుడు ఆయన పాట వినాలనే ఉంది అన్నడు." ఒకాయన చెప్పలేక, ఒకాయన చెప్పించుకోకూడదని, యాభై ఏళ్ళు అలా దూరం దూరంగా గడిపేశారు. మధ్యలో తిరగగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనూ తిరగలేదు.

చెయ్యి కడుక్కున్నాక జరీనమ్మ ఒక మాట అడిగింది. "మా అబ్బా పాడంగ మేము ఎన్నడు వినలే సార్. పాడుమంటె నవ్వుతుండె. మీ మాస్టారు ఆయన కోసం కట్టిన పాట మీకు ఎరికేనా?" ఎరికే. ఆ స్వాగతసభ పాటే మాస్టారు ప్రతి ఏడాదీ కొత్త పిల్లలకి మొదటి పాఠంగా నేర్పేవారు. నా గొంతు ఇప్పుడు బాగా అరిగిపోయింది. అయినా ఆ చిన్న వంటింట్లో నిలబడి బేస్ వరస పాడాను. పెద్దగా ఏముంటుంది అందులో. కింది షడ్జం మీద చాలాసేపు నిలబడడం, ఒకసారి పంచమం దాకా వెళ్ళి రావడం, మళ్ళీ నిలబడడం. విడిగా వింటే పాటలా ఉండదు.

ఆవిడ సగంలోనే గోడకి ఆనుకుని నిలబడింది. "ఇదా" అంది మెల్లగా. "పొద్దంత కుట్టుకుంట గిదే అంటుండె. మా అమ్మ అంటుండె, ఈ మనిషికి ఒక్క పాట సుత రాదు, ఊకె మూలుగుతడని."

ఇంకొకసారి పాడమంది. పాడాను.

నాలుగున్నరకి నా బండి. చిలకలగూడ నుంచి స్టేషను దగ్గరే, నడిచే వచ్చేశాను. గుమ్మం దాకా వచ్చి ఆవిడ, "మళ్ళ వస్తే ఇంటికి రాండ్రి. మాట చెప్పనీకె ఎవలు లేరని అనుకోకుండ్రి, నేను విన్న" అంది. ఆ మాట నాకు ఊరటగా ఉండాలి. ఉంది కూడా, కొంచెం. కానీ రైలు కదిలాక లెక్క వేసుకుంటే అది వినాల్సిన చెవులు అవి కావు, చెప్పాల్సిన నోరూ నాది కాదు. మాస్టారికి వెళ్ళి చెప్పగలిగి ఉంటే ఒక్క మాట చాలు: ఆయనకి తెలుసండీ, తెలిసే మీ పాటకి వచ్చారు. ఆ మాట విని ఉంటే ఆయన చివరి రెండేళ్ళు ఎలా ఉండేవో నేను ఊహించుకోవడం మానుకున్నాను. తప్పు చేసినవాడి సిగ్గు అయిదు దశాబ్దాలు నిలవడం చూశాను. నాది తప్పు అని కూడా అనిపించుకోని వట్టి బద్ధకం. దానికి క్షమించమని ఎవరిని అడగాలో ఇప్పటికీ తెలియదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సూచన. బోయిగూడ, చిలకలగూడ వైపు పనుంటే స్టేషను ముందు గేటు నుంచి కాకుండా పదో నెంబరు ప్లాట్‌ఫాం వైపు నుంచి బయటికి రండి, ఆటో ఖర్చు సగం తగ్గుతుంది. శుక్రవారం మధ్యాహ్నం ఆ సందుల్లో కొన్ని దుకాణాలు మూసి ఉంటాయి, ఆదివారం చర్చిల్లో ఎవరికీ తీరిక ఉండదు. మిగతా ఏ రోజైనా ఫరవాలేదు. టికెట్ మాత్రం ఈ వారమే తీసుకోండి.